శామి చదివిన ఉత్తరాలు

మా తమ్ముడు శామ్యూలు సరిహద్దు అవతల ఏదో ఊళ్ళో జబ్బు చేసి పోయాడని ఈ ఏడాది వానలకు ముందు కబురొచ్చింది. శవం రాలేదు. అక్కడే పూడ్చారట. ఇక్కడ బర్మాలో, మా తెలుగు చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. బల్ల మీద వాడి ఫొటో, ఫొటోకి మల్లెదండ, అటూ ఇటూ కొవ్వొత్తులు. పాస్టరుగారు లేచి, దేశం కళ్ళకు గంతలు కట్టిన రోజుల్లో ఈ బిడ్డ తన చదువుతో లోకానికి మన బాధ చూపించాడని, అందుకోసం ఇల్లూ ఊరూ వదులుకుని పరాయి నేల మీద ప్రాణం విడిచాడని చెప్పారు. ముందు వరసలో మా అమ్మ తలాడిస్తూ ఏడ్చింది. ఆమె పక్కన కూర్చున్న నాకు నోట్లో నీళ్ళూరాయి. అవి వాంతికి ముందు ఊరే నీళ్ళు. వాడు నా తోడబుట్టినవాడు. నా చంకనెక్కి తిరిగినవాడు. మొదటి అక్షరాలు నా పలక మీదే దిద్దాడు. అయినా ఆ ఫొటో చూస్తుంటే నాకు దుఃఖం రాలేదు, ఎంత వెతుక్కున్నా రాలేదు. వచ్చిందల్లా రోత. ఆ రోత ఎక్కడ మొదలైందో చెప్పాలంటే వంతెన అవతల తాకేటా పేటలో మా పాత ఇంటికి వెళ్ళాలి.

అది చెక్క ఇల్లు. పైన జింకు రేకులు, కింద మురుగుకాలవ. వానాకాలంలో రేకుల మీద చినుకుల మోతకి ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, అరుచుకోవలసి వచ్చేది. పక్కింట్లో ఙపీ ఉడికితే ఆ చేపల ముద్ద వాసన మా ఇంట్లో ఆరబెట్టిన బట్టలకు పట్టేది. మా ఇంట్లో అమ్మ జంతికలు వేయిస్తే ఆ నూనె వాసన వాళ్ళ బట్టలకు పట్టేది. అమ్మ మధ్యాహ్నం పూట జంతికలు చేసి, డబ్బాల్లో పోసి, టీ కొట్లకు పంపేది. మొదటి వాయి ఎప్పుడూ శామిదే. పళ్ళెంలో పోసి, చల్లారాక, "తిను బావూ" అని వాడి ముందు పెట్టాకే డబ్బాల మూతలు తీసేది. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, గంజాం నుంచి ఓడలో వచ్చిన మనిషి. గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, తమలపాకులకు సున్నం రాస్తూ, దారిన పోయే ప్రతివాళ్ళనీ పలకరించేది. నాన్న పట్నం నడిబొడ్డున చౌక్తడాలో ఒక సరుకుల ఏజంటు ఆఫీసులో గుమాస్తా. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు కూడా తువ్వాలుతో తుడుచుకుని, లుంగీ మార్చుకుని, దుప్పటి కప్పుకుని దాని లోపల రేడియో పెట్టుకునేవారు. విదేశీ స్టేషన్ల వార్తలు వింటే సైనిక ప్రభుత్వం పట్టుకెళ్ళే రోజులు, అలా వినాలి మరి. చెమటకు తడిసిన ముఖంతో దుప్పట్లోంచి బయటికొచ్చి ఏం విన్నారో మాకు చెప్పేవారు కాదు. "ఏటీ నేదు, పాటలు" అనేవారు. ప్రభుత్వాన్ని ఒక్క మాట అనని మనిషి. ఎదుటివాడు అన్నా లేచి వెళ్ళిపోయే మనిషి.

పక్కిల్లు డా న్యోది. బర్మావాళ్ళు పెద్దావిడను డా అనీ, పెద్దాయనను ఊ అనీ అంటారు. రవికలు, లుంగీలు కుట్టేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, లిన్. మా శామి కంటే ఒక ఏడు పెద్దేమో. ఇద్దరూ ఒక్క పెరట్లో పెరిగారు. లిన్ మా మామ్మ చేసే చేపల పులుసు వేళ్ళు నాకుతూ తినేవాడు. అక్కనైన నన్ను శామి అప్పా అంటాడు కాబట్టి వాడూ అప్పా అనేవాడు. అది నా పేరే అనుకున్నాడట చాలాకాలం. వాడికి మామ్మ నేర్పిన తెలుగు మాటలు రెండే, "కూకో", "బేగి రా". వాటినే అన్ని సందర్భాలకూ వాడేవాడు. మామ్మ పగలబడి నవ్వేది.

శామికి కంప్యూటరు మీద చెయ్యి ఎలా తిరిగిందో మాకెవరికీ తెలియదు. పట్నంలో ఒక క్లాసుకి నాన్న పంపించారు, అంతే. తర్వాత వాడే చౌక్తడాలో ఊ సాన్ అనే పెద్దాయన నడిపే ఇంటర్నెట్ కొట్లో పనికి కుదిరాడు. ఊ సాన్ ఓడల్లో ఇంజనీరుగా చేసి వచ్చిన మనిషి, పాత భవనం కింది అంతస్తులో కొన్ని కంప్యూటర్లు పెట్టుకుని, తలుపు దగ్గర వెదురు కుర్చీలో కునుకుతూ ఉండేవాడు. నేను ఆ వీధి చివరే ఒక ఆఫీసులో టైపిస్టును. శామీ నేనూ పొద్దున్నే ఒకే బస్సులో పజుండాంగ్ వంతెన దాటి వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం నా టిఫిను డబ్బా తీసుకుని వాడి కొట్టుకు వెళ్ళేదాన్ని. కరెంటు పోతే ఫుట్‌పాత్ మీద జనరేటరు మొదలయ్యేది. డీజిలు పొగ, తడి గొడుగులు, కిళ్ళీ ఉమ్ములు, అన్నీ కలిసిన ఒక వేడి వాసన ఆ గదిలో ఎప్పుడూ ఉండేది. ఆ రోజుల్లో మెయిలు తెరవబోతే అనుమతి లేదని తెర మీద ఒక తెల్ల పేజీ వచ్చేది. శామి వెళ్ళి, మనిషి భుజం మీదుగా వంగి, నాలుగు మీటలు నొక్కేవాడు. ఉత్తరాలు తెరుచుకునేవి. ముసలమ్మలు వాడి చేతులు పట్టుకుని దీవించేవాళ్ళు. మలేషియాలో ఉన్న కొడుకు, సింగపూరులో ఆయా పని చేస్తున్న కూతురు, వాళ్ళ క్షేమం తెలియాలంటే దారి వాడే. మా చర్చిలో వాడి పేరు ప్రార్థనలో వచ్చేది.

ఒకరోజు బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, నా చెవి దగ్గర నవ్వుతూ అన్నాడు. "అమ్మ మీద నీకంత కోపమేటప్పా? రాయి కట్టిన గోనెసంచిలాగుందా మా అమ్మ?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ మాట నేను విశాఖపట్నంలో ఉన్న నా స్నేహితురాలికి రాశాను. నా పెళ్ళి కుదరడం లేదని అమ్మ సాధించిన రోజున, ఆ కొట్లోనే కూర్చుని, ఏడుస్తూ రాశాను. ఇంకెవరికీ చెప్పలేదు.

"నీకెలా తెల్సు?"

"నాకన్నీ తెల్సు" అన్నాడు. కాలరు సర్దుకున్నాడు.

స్నానాల గది సందులోంచి ఎవరో చూశారని తెలిస్తే ఒళ్ళు ఎలా ముడుచుకుంటుందో, అలా ముడుచుకుంది నాది. ఆ మధ్యాహ్నం కొట్లో జనం లేనప్పుడు వాడే గర్వంగా చూపించాడు. ఎవరు ఏ మీట నొక్కితే ఆ అక్షరాన్ని దాచిపెట్టే చిన్న ప్రోగ్రాము ప్రతి కంప్యూటరులోనూ పెట్టాడు. తెర మీద పేర్లు, రహస్యపదాలు, రాసిన ఉత్తరాలు, రాసి కొట్టేసిన మాటలు కూడా వరసగా పైకి పోతున్నాయి. మా వీధి మనుషులు, మా చర్చి మనుషులు. ఒకామె కొడుక్కి రాసింది, కడుపులో గడ్డ ఉందని, నాన్నకు చెప్పొద్దని. శామి దాన్ని వేలితో చూపించి, "సూడు, ఈయమ్మ స్పెల్లింగులు" అని నవ్వాడు. ఊ సాన్ తలుపు దగ్గర నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"తీసెయ్" అన్నాను. "ఇప్పుడే తీసెయ్. సిగ్గు నేదా నీకు?"

"సిగ్గేటి? వాల్లకి తెల్దు కదా. తెల్దంటే నొప్పి నేదు."

నాన్నకు చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, "బయట ఎవుడికైనా తెల్సా?" ఆ వారమంతా నాన్నా శామీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సరే, నాన్న వాడిని ఆపుతారు అనుకున్నాను. తర్వాతి ఆదివారం చర్చినుంచి వచ్చి, నాన్న వాడిని పెరట్లోకి పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను. ఆఫీసులో మనుషులను తీసేస్తారని పుకారుందట. మేనేజరు పై ఆఫీసుకు ఏం రాస్తున్నాడో చూసి పెట్టగలవా అని అడుగుతున్నారు. ప్రభుత్వం మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మా నాన్న, చెమట పట్టిన ముఖంతో కొడుకు కళ్ళలోకి ఆశగా చూస్తున్నారు. మేనేజరు ఆ కొట్టుకు వచ్చేలా చూడమని శామి సలహా ఇచ్చాడు. నాన్న చూశారు. ఆఫీసు లైను పాడైతే ఆ కొట్లో మా అబ్బాయి ఉన్నాడని ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. మేనేజరు రాసింది ముందే తెలుసుకుని నాన్న ఉద్యోగం నిలబెట్టుకున్నారు. ఆయన పక్క కుర్చీలో ఇరవై ఏళ్ళుగా కూర్చున్న మనిషి ఉద్యోగం పోయింది. ఆ రాత్రి ఇంట్లో కోడి కూర వండారు. నేను తినలేదు. అమ్మ నన్ను చూసి, "పస్తుంటే ఎవుడికి నష్టం?" అంది. ఆ తర్వాత అమ్మ కూడా అడిగింది, నన్ను చూసి వెళ్ళిన పెళ్ళివారు వాళ్ళ చుట్టాలకు ఏం రాశారో చూడమని. మామ్మకు ఈ వ్యవహారం అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె మొహం వికారంగా పెట్టి, "సీ, ఒకల ఎంగిలి కూడు" అని కిళ్ళీ ఉమ్మేసింది. కానీ శామి తెచ్చిన బిస్కెట్ల డబ్బా ఆమె మంచం కింద ఉండేది, రోజూ తింటూనే ఉండేది.

ఎంగిలి అక్కడితో ఆగలేదు. దీనమ్మత్త మా చర్చిలో ఒక విధవ. కొడుకు మలేషియాలో కట్టడం పనిలో ఉన్నాడు. ఆ రోజుల్లో బ్యాంకుల ద్వారా డబ్బు వచ్చేది కాదు. అక్కడ ఏజంటుకు కడితే, ఇక్కడ ఏజంటు దగ్గరికి వెళ్ళి ఒక రహస్యపు మాట చెప్పి తీసుకోవాలి. ఆ మాట కొడుకు మెయిల్లో పంపేవాడు. దీనమ్మత్త ఆ మాట బట్టీ పెట్టుకుని వెళ్ళేసరికి, డబ్బు పొద్దున్నే ఎవరో వచ్చి తీసుకెళ్ళారని ఏజంటు చెప్పాడు. ఆమె మా ఇంటికొచ్చి గడప మీద కూలబడి ఏడ్చింది. శామి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, "ఏడవకత్తా, నాను సూత్తాను కదా, ఎవుడు సేసేడో కనిపెడతాను" అని వీపు నిమిరాడు. నేను గుమ్మంలో నిలబడి వాడి చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా కదిలిందో! కొద్దిరోజుల్లో వాడి దగ్గరికి సెల్‌ఫోను వచ్చింది. అప్పట్లో సిమ్‌కార్డు కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. మా వీధి మొత్తంలో ఎవరికీ లేదు. విదేశీ కంపెనీ పని చేసిపెడుతున్నానని చెప్పాడు. అమ్మ నమ్మింది. నమ్మడం ఆమెకు సుఖంగా ఉంది. అది నీ డబ్బు కాదని నేను వాడి ముఖం మీదే అంటే, నువ్వు టైపిస్టువి, నీకేటి తెల్సు అన్నాడు. వాడు దొంగ అని దీనమ్మత్తకు నేనే చెప్పాను. ఆమె నన్ను అసూయపరురాలినని తిట్టింది. తమ్ముడు బాగుపడితే ఓర్వలేకపోతున్నానంది. అంత బాగా నిమిరాడు వాడు ఆమె వీపు.

ఆ ఏడాది వానలు ఇంకా తగ్గకముందే ధరలు పెరిగాయి. బస్సు టిక్కెట్టు పెరిగి జనం వంతెన మీదుగా నడిచి పనులకు వెళ్ళారు. తర్వాత సైనిక ప్రభుత్వానికి ఎదురుగా బౌద్ధ భిక్షువులు వీధుల్లోకి వచ్చారు. వానలో, చెప్పులు లేకుండా, ప్రార్థన చదువుతూ నడిచారు. వాళ్ళకు రెండు వైపులా జనం చేతులు పట్టుకుని గోడలా నిలబడ్డారు. మా ఆఫీసు కిటికీలోంచి సూలే పగోడా వైపు చూస్తే ఎర్రటి కాషాయం నదిలా పోతూ ఉండేది. టైపు మిషన్ల మీద చేతులు పెట్టుకుని మేమందరం అలాగే చూస్తుండిపోయాం. లిన్ అప్పటికి ఒక ఫొటో స్టూడియోలో పని చేస్తున్నాడు. చిన్న కెమెరా ఒకటి చొక్కా లోపల పెట్టుకుని తిరిగి ఫొటోలు తీశాడు. వాటిని బయటి దేశాలకు పంపాలి. పంపే దారి తెలిసినవాడు మా శామి. లిన్ మా ఇంటి మెట్ల మీదే కూర్చుని శామిని అడిగాడు, బర్మీస్‌లోనే, కానీ చివర్లో మా మామ్మ మాట కలిపి, "బేగి రా" అని నవ్వుతూ లేచాడు. శామి దారి వేసిపెట్టాడు. ఫొటోలు వెళ్ళాయి. నాన్న దుప్పట్లోంచి బయటికి వచ్చి, మన వీధులు బయటి టీవీల్లో చూపిస్తున్నారట అని మొదటిసారి నోరు విప్పి చెప్పారు. నాకు ఆ రెండు రోజులూ తమ్ముడి మీద అసహ్యం కొంచెం తగ్గింది కూడా. మంచి పనికి ఆ చేతులు పనికొచ్చాయి కదా అనుకున్నాను.

తర్వాత సైన్యం కాల్పులు జరిపింది. వీధుల్లో చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయింది. దేశం మొత్తం ఒక మూతపెట్టిన కుండలా అయింది. మళ్ళీ తీగలు కలిశాక ఒకరోజు మధ్యాహ్నం, డా న్యో మిషను మీద పని చేసుకుంటుండగా, నలుగురు వచ్చి లిన్‌ను తీసుకెళ్ళారు. వాడు అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కోనివ్వలేదు. ఎక్కడ ఉంచారో చాలాకాలం తెలియలేదు. ఆ తర్వాత ఇన్సేన్ జైల్లో ఉన్నాడని తెలిసింది.

డా న్యోతో కలిసి నేను ఇన్సేన్ వెళ్ళాను. రైల్లో ఆమె ఒళ్ళో ఎండుచేపల కారం, సబ్బు, పాత లుంగీ ఉన్న సంచి పెట్టుకుని కూర్చుంది. జల్లెడ లాంటి వల అవతల లిన్ కనిపించాడు. ఒక చెవి మా వైపు తిప్పి వింటున్నాడు. రెండో చెవి వినికిడి, ఇన్సేన్‌కు ముందు ఉంచిన చోట విచారణలో తగిలిన దెబ్బలకు పోయిందని తర్వాత తెలిసింది. తల్లితో మాట్లాడాక నా వైపు చూసి మెల్లగా అన్నాడు:

"అప్పా, నాతో ఉన్నవాళ్ళందర్నీ పాస్‌వర్డు చెప్పమని కొట్టారు. నన్ను కొట్టారు గాని, అది మాత్రం అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు."

నా తమ్ముడి పేరు ఎత్తలేదు. తల్లి పక్కన ఉంది మరి.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం నూనె వాసన. శామి పళ్ళెం ముందు కూర్చుని జంతికలు తింటున్నాడు.

"లిన్ పాస్‌వర్డు ఎవుడికిచ్చేవురా?"

వాడు నములుతూనే నా వైపు చూశాడు. అబద్ధం చెబుతాడనుకున్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"అడిగేరు. ఇచ్చేను."

అంతా చెప్పాడు. దీనమ్మత్త డబ్బు తీసుకురావడానికి వాడు పంపిన కుర్రాడు మరో ఏజంటు దగ్గర దొరికిపోయాడట. ఆ కుర్రాడు శామి పేరు చెప్పాడు. మఫ్టీ పోలీసు ఒకతను కొట్టుకు వచ్చి, శామి భుజం మీద చెయ్యి వేసి, టీ తాగుదాం రమ్మన్నాడు. దొంగతనం కేసు వద్దనుకుంటే ఏం ఇస్తావని అడిగాడు. శామి దగ్గర ఇవ్వడానికి కొట్టు నిండా మనుషుల పాస్‌వర్డులున్నాయి.

"వాడు మనింట్లో తిన్నాడురా."

"ఫొటోలు తియ్యమని నాను సెప్పేనేటి? నాను ఇవ్వకపోతే ఇన్సేన్‌కి నాను ఎల్దును. నీకది బాగుండునేటి?"

"ఇంకెందరివి ఇచ్చేవు?"

"అడిగినోల్లవి" అని ఇంకో జంతిక విరిచాడు. పటుక్కుమని విరిగింది.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ అంతా వింది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. "ఒలే ఎస్తేరూ, తిండికాడ గుంటడ్ని సాదించకు. మన గుంటడ్ని పట్టుకెల్లిపోతే నీకు సుకంగా ఉండునేటి?" అంది. నేను పెరట్లోకి పరిగెత్తి కాలవ గట్టు మీద వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కున్నా, పుక్కిలించినా, ఆ నూనె వాసన పోలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ నేను జంతిక నోట్లో పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న డా న్యో ఇంటికి వెళ్ళి, మిషను పక్కన నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె మిషను ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"మీ అమ్మకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

ఆమె లేచి, అలమరలోంచి మా అమ్మ కుట్టమని ఇచ్చిన రవిక తీసింది. సగం కుట్టింది, గుండుసూదులు ఇంకా గుచ్చే ఉన్నాయి. సూదులన్నీ ఒక్కొక్కటే తీసుకుని, గుడ్డను చక్కగా మడిచి నా చేతిలో పెట్టింది. మిగతాది ఇంకెక్కడైనా కుట్టించుకోమని చెప్పమంది. మా ఇంటి వైపు కిటికీకి చెక్కలు కొట్టించింది. ఆమె బతికున్నంత కాలం ఆ చెక్కలు తీయలేదు.

వీధికి తెలిసిపోతుందని నాన్నకు భయం పట్టుకుంది. శామిని సరుకుల లారీలో సరిహద్దుకు పంపించేశారు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, దీవించమని తల వంచాడు. నేను పక్కకు తప్పుకున్నాను. వాడు వెళ్ళిన ఆదివారం చర్చిలో ఎవరో అడిగితే, నాన్న గొంతు సవరించుకుని, "ఏటి సెప్పమంటారు, ఫొటోలు పంపేడని మా వోడి కోసం కూడా ఎతుకుతున్నారు" అన్నారు. ఆ ఒక్క మాట చాలు. నా కళ్ళముందే అది ఒక బెంచీ నుంచి మరో బెంచీకి పాకింది. ఆడవాళ్ళు వచ్చి అమ్మను కౌగిలించుకున్నారు. దీనమ్మత్త కూడా కౌగిలించుకుంది. లిన్ చేసిన పని నా తమ్ముడి మెడలో దండగా పడింది. నేను ఎవరికి చెప్పినా అక్కసు అన్నారు. నేను ఆ ఇంట్లోంచి బయటికి వచ్చి చౌక్తడాలో ఒక పాత భవనం పై అంతస్తులో గది అద్దెకు తీసుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

శామి తర్వాత ఏమయ్యాడో నాకు ముక్కలుగానే తెలుసు. మలేషియాలో ఏవో కార్డుల మోసాల్లో దొరికి కొన్నాళ్ళు లోపల ఉన్నాడు. బయటికొచ్చి సరిహద్దులో పెద్ద పెద్ద భవనాలు లేచిన చోట చేరాడు. అక్కడ కుర్రాళ్ళు వరసల్లో కూర్చుని, ఎరగని దేశాల ఒంటరి ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు ఫోన్లలో ప్రేమగా మాట్లాడి దోచుకుంటారు. ఎలా మాట్లాడాలో నేర్పే పని వాడిది. ఒకసారి అమ్మ ఫోనులో వాడి ముఖం చూపించింది. లావెక్కాడు. వెనక వరసలుగా వంచిన తలలు కనిపించాయి. "అప్పా, బాగున్నావా?" అని నవ్వాడు. వాడు పంపిన డబ్బుతో తాకేటాలో చెక్క ఇల్లు పోయి సిమెంటు మేడ లేచింది. దాని మీద నాన్న పేరు పెట్టించారు. నాన్న అందులోనే పోయారు.

ఇప్పుడు మళ్ళీ సైన్యం గద్దెనెక్కి ఈ ఊరికి మూత పెట్టింది. మళ్ళీ వీధుల్లో కాల్పులు జరిగాయి, మళ్ళీ తీగలు తెగుతున్నాయి. అప్పుడు ఒకరి ఉత్తరం దొంగిలించడానికి శామి లాంటివాడు ఒకడు, చీకటి గది ఒకటి కావలసి వచ్చేది. ఇప్పుడు ఆ నేర్పు ఎవరికీ అక్కర్లేదు. వీధి మలుపులో ఆపి, ఫోను ఇమ్మని చెయ్యి చాపుతారు. మా భవనంలో పిల్లలు పాలకు వెళ్ళాలన్నా ముందు మెట్ల మీద కూర్చుని ఫోను కడిగేసుకుంటారు, బొమ్మలూ మాటలూ అన్నీ తుడిచేసి దిగుతారు. ఎదుటి గదిలో ఒక టీచరమ్మ ఫోనులో పరిచయమైన ఒకతన్ని భార్య పోయిన ఇంజనీరని నమ్మి, నెలల తరబడి ఉత్తరాలు రాసి, దాచుకున్నదంతా పంపించేసింది. ఆమె నాకు ఆ మాటలు చదివి వినిపించింది. ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా ఉన్నాయో! అప్పుడు శామిని చూసి నేను ఒక్కదాన్నే ముక్కు మూసుకున్నాను. ఇప్పుడు ఊరంతా ఆ గాలే పీలుస్తోంది, ఎవరికీ వాసన తెలియడం లేదు.

ఆదరణ కూడికకు లిన్ వచ్చాడు. కొన్నేళ్ళు లోపల ఉండి విడుదలయ్యాడు. తల్లి పోయింది. ఆమె గదిలోనే కుట్టు మిషన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. చివరి బెంచీలో, వినపడే చెవి ముందుకు పెట్టి కూర్చున్నాడు. పాస్టరుగారి మాటలు అయ్యాక మా అమ్మ కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగి చూపించింది. "అదిగో, మా వోడి సిన్నప్పటి సావాసగాడు. ఆయన్ని కూడా నాలుగు మాటలు సెప్పమనండి." పాస్టరుగారు బర్మీస్‌లో లిన్‌ను పిలిచారు. లిన్ బెంచీ అంచు పట్టుకున్నాడు.

వాడు లేవకముందే నేను లేచాను.

"మా శామి ఫొటోలు పంపనేదు. పంపినోల్లని పట్టించేడు. ఈయన్ని పట్టించేడు. ఈయన సేత నా తమ్ముడ్ని పొగిడించకండి" అన్నాను. అదే మాట బర్మీస్‌లోనూ అన్నాను.

అమ్మ నా చీరకొంగు పట్టుకుని కిందకు లాగింది. "సచ్చినోడి మీదా నీ పగ?" అంది. ఎవరో ఒకామె గబగబా పాట ఎత్తుకుంది. అందరూ లేచి, ఊపిరి వచ్చినట్టు, గట్టిగా పాడారు. తర్వాత టీ, జంతికలు పంచారు. ఎస్తేరుకి బీపీ ఉంది, మందు వేసుకోలేదేమో అని నా వెనకాలే చెప్పుకున్నారు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి బియ్యం ధర గురించి మాట్లాడుతున్నారు. నేను చెప్పింది నేల మీద ఒలికిన టీ లాంటిది. ఎవరో కాలితో గుడ్డ వేసి తుడిచేశారు.

బయట లిన్ నా కోసం ఆగి ఉన్నాడు. బస్సు దాకా తోడొస్తానన్నాడు. అతని వినపడే చెవి వైపు నడిచాను.

"నువ్వు లేవకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదు అప్పా" అన్నాడు.

"మరెందుకొచ్చావు?"

"పోయాడో లేదో చూసుకుందామని వచ్చాను. ఫొటోకి దండ చూశాను. చాలు."

మలుపులో సైనికులు ఆపారు. ఫోన్లు అడిగారు. తన దగ్గర ఫోను లేదన్నాడు లిన్. ఎందుకు లేదని అడిగారు. ఎప్పుడూ కొనుక్కోలేదన్నాడు. నమ్మలేదు. చొక్కా విప్పించి, సంచి దులిపి, చెప్పుల్లో కూడా వెతికారు. స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా కింద పడ్డాయి. నా ఫోను ఒక కుర్ర సైనికుడు తీసుకున్నాడు. మీసం కూడా సరిగా రాలేదు. బొటనవేలితో నా బొమ్మలు ఒక్కొక్కటే పైకి తోస్తూ చూశాడు. నా గది, నా మందులు, కిటికీలో పిల్లి, అమ్మకు పంపకుండా ఆపేసిన మాటలు. ఒకచోట ఆగి, పక్కవాడికి చూపించి, నవ్వాడు. దేనికి నవ్వాడో నాకు తెలియదు.

నేను లిన్ వైపు చూశాను. వాడు విప్పిన చొక్కా చేత్తో పట్టుకుని నా పక్కనే ఉన్నాడు. సైనికుడి చేతిలో నా ఫోను వాడి కళ్ళకు ఎదురుగానే వెలుగుతోంది. వాడు తల పక్కకు తిప్పుకుని, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫోను మళ్ళీ నా చేతికి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.